ఎటు తిప్పినా పైకే

బెంగళూరులో ఏదో వర్క్‌షాపుకు వెళ్లిన ప్రిన్సిపాల్ పరాంకుశం గారు తిరిగి వచ్చేటప్పుడు రెండు అంటించుకుని వచ్చారు. ఒకటి జలుబు, రెండోది డేటా. జలుబు వారానికి తగ్గింది. రెండోదానికి మందు లేదు.

వచ్చిన మర్నాడే నోటీసు బోర్డు మీద సర్క్యులర్ వెలసింది. ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతున్న అశ్వర్థమ్మ, ఆమె రూమ్మేటు రుక్సానా గుంపులో తలలు దూర్చి చదివారు.

"ఇందుమూలముగా సమస్త విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయడమేమనగా, మన కళాశాల నేటి నుండి డేటా ఆధారిత కళాశాల. కావున ప్రతి విద్యార్థికీ ఒక ఆసక్తి ఉండవలెను. లేనివారు శుక్రవారం సాయంత్రంలోగా సమకూర్చుకొనవలెను. సదరు ఆసక్తికి సంబంధించిన కొలతలు సేకరించి, కంప్యూటర్ ల్యాబునందు సాఫ్ట్‌వేరు ద్వారా గ్రాఫు గీసి ప్రతి శనివారం సమర్పించవలెను. సదరు గ్రాఫునకు ఇంటర్నల్ మార్కులు కలవు. గమనిక: కిందికి దిగు గ్రాఫులు స్వీకరించబడవు."

"శుక్రవారం లోపల ఆసక్తి యాడ దొరుకుతాది మే?" అంది రుక్సానా. "సంతలో అమ్ముతారా?"

ఆ చివరి గమనికకు ఒక చరిత్ర ఉంది. పోయినేడు గ్రేడు ఇవ్వడానికి తనిఖీ కమిటీ వచ్చినప్పుడు, ఆఫీసు గోడ మీద కాలేజీలో చేరేవాళ్ల సంఖ్య చూపించే గ్రాఫు ఒకటి వేలాడుతోంది. అది పిల్లల పార్కులో జారుడుబండలా ఉంది. కమిటీ దాన్ని చూసి, మొహం అదోలా పెట్టి, గ్రేడు కోసి వెళ్లిపోయింది. ఇంకొకరైతే పిల్లలు ఎందుకు చేరడం లేదా అని ఆలోచించి ఉండేవారు. పరాంకుశం గారు డాక్టరేటు చేసిన మనిషి కాబట్టి అంత దూరం పోలేదు. మనల్ని ముంచింది ఆ గ్రాఫు కదా, దిగడం మానేయమని గ్రాఫులకే చెబితే సరిపోతుంది కదా అన్నారు. చెప్పారు.

చెప్పాక అమలు చేయాలి కదా. ఫిజిక్సు ల్యాబులో వేడినీళ్లు చల్లారే ప్రయోగం ఒకటి తరతరాలుగా ఉంది. నీళ్లు చల్లారేకొద్దీ గ్రాఫు దిగుతుంది. ఫిజిక్సు మేడమ్‌ను పిలిపించి సంజాయిషీ అడిగారు.

"వేడినీళ్లు చల్లారతాయి సార్," అందామె.

"చల్లారతాయి, కాదనను. మన కాలేజీలోనే ఎందుకు చల్లారాలి?"

ఆ వారం నుంచి సోడా కొట్టులో ఐసుగడ్డ తెప్పించి, బీకరులో వేసి, ఎండలో పెట్టి, అది వేడెక్కడాన్ని పిల్లలు కొలిచారు. ఎలక్ట్రికల్ ల్యాబులో కెపాసిటర్ నింపే ప్రయోగం ఉంచి, ఖాళీ చేసే ప్రయోగం తీసేశారు. నెల తిరిగేసరికి బీరువాలోని కెపాసిటర్లన్నీ కడుపునిండా కరెంటుతో కూర్చున్నాయి. తీద్దామని చెయ్యి పెట్టిన ల్యాబ్ అసిస్టెంటు మూడడుగులు వెనక్కి ఎగిరి పడ్డాడు. పొట్ట తగ్గించుకోవడమే నా ఆసక్తి అని రాసిన మెకానికల్ కుర్రవాడికి మొదటి వారమే గ్రాఫు వెనక్కి వచ్చింది. వాడు బుద్ధి తెచ్చుకుని క్యాంటీన్ బజ్జీల పాలబడ్డాడు. ఇప్పుడు మార్కులూ పెరిగాయి, నడుమూ పెరిగింది. సివిల్ పిల్లవాడొకడు టైఫాయిడుతో పడుకుని తన జ్వరాన్నే గ్రాఫు గీసి పంపితే, "ఇంత నిటారైన పురోగతి ఈ మధ్య చూడలేదు" అని ప్రిన్సిపాల్ గారు పండ్లబుట్టతో ఆస్పత్రికి వెళ్లారు. జ్వరం తగ్గిందని నర్సు చెప్పగానే ఆయన మొహం పాలిపోయింది. పండ్లబుట్ట మాత్రం ఇచ్చి వచ్చారు, అది వేరే సంగతి.

ఈ తిరునాళ్లలో నిజంగా ఆసక్తి ఉన్నది ఒక్క అశ్వర్థమ్మకే. ఉండటమే ఆమె చేసిన తప్పు.

ఆమెకు గ్రాఫులంటే ఇష్టం. ల్యాబులో దస్తగిరి సార్ మొదటిసారి పైథాన్‌లో గ్రాఫు గీయడం నేర్పిన రోజున, అంకెలు కొడితే తెర మీద చుక్కలు పడటం, ఒక వరుస రాస్తే చుక్కలన్నీ కలిసిపోవడం చూసి ఆమెకు వాకిట్లో ముగ్గు గుర్తొచ్చింది. తేడా ఏమంటే, ముగ్గులో చుక్కలు మనం పెట్టినచోట ఉంటాయి. ఇక్కడ ఉన్నచోటే పెట్టాలి. అది ఆమెకు బాగా నచ్చింది. పాపం, ఆ ఒక్క సంగతీ కాలేజీకి నచ్చలేదు.

కొలవడానికి ఆమె ఎంచుకున్నది ఆడపిల్లల హాస్టల్ వెనకున్న బోరు. దానికి కారణం ఉంది. ఆమెది గుట్టకిందపల్లి. ఊరికున్న ఒకే ఒక్క బస్సు, దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. "హాస్టలుంటే చదువు. లేకుంటే ఇంటికాడ చేను ఉండాది," అని వాళ్ల నాయన చేర్చిన రోజే చెప్పేశాడు. ఇదే రోడ్డు మీద రెండు కాలేజీలు బోర్లు ఎండిపోయి హాస్టళ్లకు తాళాలు వేశాయి. కాబట్టి ఆ బోరులో నీళ్లు ఉన్నంత వరకే తన ఇంజినీరింగు అని అశ్వర్థమ్మకు తెలుసు. కొత్త బోరు వేయించడానికీ, పొదుపుగా వాడటానికీ ముందుగా ఎవరికైనా చెబితే మేలు కదా అనుకుంది. చిన్నపిల్ల, తెలియదు.

లోతు కొలవడానికి ఆమె చేసుకున్న సాధనం ఇదీ: పొడవాటి జంట వైరు, చివర తొక్క ఒలిచి, పైన ఒక బ్యాటరీ సెల్లూ బజరూ. వైరు కొస నీళ్లకు తగిలితే బజరు కుయ్‌మంటుంది. ఎంత వైరు లోపలికి పోయిందో అంత లోతున నీళ్లున్నట్టు. ప్రతి శుక్రవారం రుక్సానా వైరు చుట్ట పట్టుకుంటే, అశ్వర్థమ్మ బోరు కేసింగు పైపులోకి వదిలేది.

"బావిలో బొక్కెన వేసినట్లు ఉండాది గానీ, ఇంజినీరింగని ఎవురికైనా చెప్తే నగుతారు," అనేది రుక్సానా. వైరు మాత్రం గట్టిగా పట్టుకునేది.

గీతకు చుక్కలు చాలాలని గడువు అడిగి, కొన్ని వారాల కొలతలు కూడాక అశ్వర్థమ్మ గ్రాఫు గీసింది. నేల పైన ఉంటుంది, నీళ్లు కింద ఉంటాయి కాబట్టి సున్నాను పైన పెట్టి, అంకెలు కిందికి పెరిగేలా నిలువు గీతను తిప్పే వరుస ఒకటి ప్రోగ్రాములో రాసింది. బోర్ల లెక్క చూసేవాళ్లు వేసే పద్ధతి అదే. గీత నీళ్లతో పాటు బుద్ధిగా కిందికి దిగింది.

దస్తగిరి సార్ కాంట్రాక్టు ఉద్యోగి. గ్రాఫులన్నీ ఏరి పైకి పంపే పని ఆయన నెత్తిన పడింది. తెర చూసి నుదురు రుద్దుకున్నాడు.

"అమ్మా, ఇది దిగుతాంది కదమ్మా."

"దిగుతాండేది నీళ్లు సార్. నేనేం చేసేది?"

"నీళ్లు దిగితే దిగనీ తల్లీ. గ్రాఫేంటికి దిగాల?"

ఆయన కుర్చీ లాక్కున్నాడు. నిలువు గీతను తిప్పే ఆ ఒక్క వరుసను చెరిపేసి మీట నొక్కాడు. గొర్రెపిల్లలు గట్టెక్కినట్టు చుక్కలన్నీ ఎడమ అడుగు నుంచి కుడి కొసకు ఎక్కేశాయి.

"ఒక్క నంబరన్నా మార్చినానా?"

"లేదు సార్."

"అబద్ధమేమన్నా చెప్పినానా?"

"లేదు సార్. కానీ చూసినోళ్లు నీళ్లు పెరిగినాయి అనుకుంటారు కద సార్."

"పక్కన రాసినావు కదమ్మా, 'నేల నుంచి నీళ్లకు లోతు, అడుగుల్లో' అని. ఇది చదువుకున్నోళ్ల కాలేజీ. చదువుకుంటారులే."

సోమవారం ప్రిన్సిపాల్ గది నుంచి కబురొచ్చింది. బల్ల నిండా గ్రాఫులు. అన్నీ ఎక్కుతున్నాయి గానీ ఎక్కడో ఒకచోట తడబడుతున్నాయి. బజ్జీల కుర్రవాడిది కూడా ఒకవారం అజీర్తి వల్ల కుంటింది. అశ్వర్థమ్మది మాత్రం వెనక్కి చూడకుండా పోతోంది.

"శభాష్," అన్నారు పరాంకుశం గారు. "ఎక్కడా వెనకడుగు లేని గ్రాఫు ఇదొక్కటే. దేని తాలూకుదమ్మా?"

"హాస్టల్ బోరు సార్. నీళ్ల..."

"నీళ్లు. కరువు సీమ నడిబొడ్డున, మన ఆవరణలో, నీళ్లు ఈ వేగంతో అభివృద్ధి చెందుతుంటే నాకు ఒక్కరూ నివేదించలేదు."

"అభివృద్ధి కాదు సార్, కిందికి..."

"కిందికి అనే మాట ఈ గదిలో వద్దమ్మా," అన్నారాయన మెత్తగా. "సానుకూల దృక్పథం. అదొక్కటి అలవరచుకుంటే నువ్వు ఎక్కడికో పోతావు."

ఎక్కడికి పోయేదీ అశ్వర్థమ్మకు అప్పటికే తెలుసు. గుట్టకిందపల్లికి.

నీళ్లు పెరుగుతున్నాయని కాలేజీకి అధికారికంగా తెలిసిపోయింది. పెరిగినదాన్ని వాడకపోవడం వనరుల దుర్వినియోగమని పాలకవర్గం తీర్మానించింది. గేటు లోపల ఎర్రమట్టి మీద పచ్చగడ్డి పరిచారు. ఇన్నేళ్లూ అక్కడ మొలిచిన తుమ్మలకు ఎవడూ చెంబెడు పోసింది లేదు, గడ్డికి మాత్రం రోజూ రెండు పూటలా అభిషేకం. కాలేజీ బస్సులను పెండ్లికొడుకుల్లా కడిగారు. వేరుశెనగ మిల్లు నుంచి విద్యాదానానికి ఎదిగిన ఛైర్మన్ గారు మైసూరు వెళ్లి వచ్చి, గడ్డి మధ్యలో ఒక ఫౌంటెన్ పెట్టించారు. పాలరాతి హంస నోట్లోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. ఆ హంసకు పైపు ఎక్కడి నుంచి వేశారని అడక్కండి. ఆ బోరు నుంచే.

హంస కక్కేకొద్దీ బోరులో నీళ్లు దిగాయి. నీళ్లు దిగేకొద్దీ గ్రాఫు నిక్కింది. గ్రాఫు నిక్కేకొద్దీ "ఇంకా వాడండి" అని పైనుంచి ఆదేశం. ఇంత చక్కగా తిరిగే చక్రాన్ని మెకానికల్ వాళ్లు కూడా ఎన్నడూ తయారుచేయలేదు.

హాస్టల్లో మాత్రం మనిషికి రెండు బక్కెట్లు పోయి ఒకటైంది. ఒకటి పోయి సగమైంది. వచ్చి కుళాయిలు చూడమని అశ్వర్థమ్మ వార్డెన్ మేడమ్‌ను అడిగింది.

"పైనుంచి లెటర్ వచ్చింది మే, నీళ్లు పెరిగినాయంట," అందామె. "మీరే ఎక్కువ పోసుకుంటాండారు."

"నీ గ్రాఫు మా తలస్నానం తాగేసింది," అంది రుక్సానా, మూడు రోజుల జిడ్డుజుట్టు ముడేసుకుంటూ. "దానికి దప్పిక తీరేదెప్పుడు మే?"

ఈ పాపం నాకొద్దని అశ్వర్థమ్మ ఒక శనివారం గ్రాఫు ఇవ్వడం మానేసింది. ఆసక్తిని మధ్యలో విడనాడుట క్రమశిక్షణా రాహిత్యమనీ, ఇంటర్నల్ మార్కులు కత్తిరించబడుననీ మెమో వచ్చింది. మళ్లీ వైరు పట్టుకుంది. అందుకు బహుమానంగా కాలేజీ వార్షికోత్సవంలో శాలువా కప్పి "జలదత్తాంశ రత్న" అని బిరుదిచ్చారు. శాలువా ఉతకడానికి నీళ్లు లేక రుక్సానా దాన్ని కిటికీకి పరదా కట్టింది.

ఇంతలో తనిఖీ కమిటీ వచ్చే తేదీ ఖాయమైంది. అశ్వర్థమ్మ గ్రాఫును గేటు మీద, రోడ్డుకు ఎదురుగా, పెద్ద ఫ్లెక్సీ వేయించాలని నిర్ణయించారు. అప్పుడు ఆమె ఒకే ఒక్క కోరిక కోరింది. గ్రాఫు పక్కన రాసిన మాటలు పెద్ద అక్షరాలతో, ఎర్రరంగులో వేయించమని.

"తప్పకుండా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "యువ శాస్త్రవేత్త కోరిక."

ఆమె ఆశ అంతా ఆ అక్షరాల మీదే ఉంది. వచ్చేవాళ్లు బయటివాళ్లు. ప్రొఫెసర్లు. 'నేల నుంచి నీళ్లకు లోతు' అని మూరెడేసి అక్షరాల్లో ఉంటే చదవకుండా పోరు. చదివితే అడగకుండా ఉండరు. అడిగితే హంస నోరు మూతపడుతుంది, ఇంకో బోరు పడుతుంది, హాస్టల్ నిలబడుతుంది.

కమిటీ రావడానికి ముందు శుక్రవారం వైరు వదిలితే బజరు మోగలేదు. ఇంకా వదిలారు. చుట్ట మొత్తం అయిపోయింది. పైకి లాగితే కొసకు బురద అంటుకుని వచ్చింది.

"అయిపోయిందా?" అంది రుక్సానా. ఈసారి ఎకసెక్కెం లేదు.

దస్తగిరి సార్ ఆ మాట పైకి చేరవేశాడు. పరాంకుశం గారు గంభీరంగా ఆలోచించారు. "ఆగిన గ్రాఫు దిగిన గ్రాఫుతో సమానం. కమిటీ ముందు ఆగరాదు. ఇప్పటిదాకా గీత ఏ దిక్కుకు పోతోందో అదే దిక్కుకు స్కేలు పెట్టి ఫ్లెక్సీ అంచు దాకా గీయించండి. దాన్ని భవిష్యత్ దర్శనం అంటారు." గీయించారు. ఆ దర్శనం ప్రకారం పోతే ఇంకొన్నేళ్లకు కాలేజీ నీళ్లు పాతాళం దాటి అవతలి దేశంలో తేలతాయని రుక్సానా లెక్కగట్టింది.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే అటెండరు రంగప్ప నిచ్చెన ఎక్కి ఫ్లెక్సీ కట్టాడు. కట్టి, దిగి, బీడీ ముట్టించుకుని చూసుకుంటే తలకిందులుగా ఉంది. ఎర్ర అక్షరాలన్నీ గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. విప్పడానికి వ్యవధి లేదు, కార్లు మలుపు దగ్గర హారను కొట్టాయి. పరిగెత్తుకొచ్చిన ప్రిన్సిపాల్ గారు పైకి చూసి గుండె పట్టుకున్నారు.

తర్వాత నెమ్మదిగా చెయ్యి దించారు. గీత చూశారు. ఎడమ అడుగు నుంచి కుడి కొసకు, అలాగే ఎక్కుతోంది. తల ఇటు వంచి చూశారు. అటు వంచి చూశారు.

"ఎటు తిప్పినా పైకే పోతాందే," అన్నారాయన, తన ఆఫీసు భాష మరిచిపోయి. కళ్లు చెమర్చాయి. "ఉండనీ రంగప్పా. ముట్టుకోవద్దు."

పూలపళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డ అశ్వర్థమ్మ తన అక్షరాల వైపు చూసింది. వాటిని చదవాలంటే శీర్షాసనం వేయాలి. కమిటీ అధ్యక్షుల వారు కారు దిగారు. ఆయన మెడకు పట్టీ ఉంది. మెడ ఏ పక్కకూ తిరగదు.

"అక్షరాలు తిరగబడి ఉన్నాయేమి?" అన్నారాయన.

"విద్యార్థి తన కోణాన్ని తానే ఎంచుకోవాలన్నది మా బోధనా విధానం సార్," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"వినూత్నం," అన్నారు అధ్యక్షుల వారు. వెనకున్న సభ్యులిద్దరూ రాసుకున్నారు.

హంస నోట్లోంచి నీళ్లు ఎగిశాయి. బస్సుల షెడ్డు వెనక దాచిన ట్యాంకరు మోటారు చప్పుడు సన్నాయిలో కలిసిపోయింది. తర్వాత విద్యార్థులతో ముఖాముఖి. అధ్యక్షుల వారు జలదత్తాంశ రత్నను ముందుకు పిలిచారు.

"ఆ గ్రాఫు నీదేనా అమ్మా? దాని వల్ల నువ్వు ఏం నేర్చుకున్నావు?"

అశ్వర్థమ్మ గొంతు ఎండిపోయి ఉంది. పొద్దుటి నుంచి తాగడానికే లేవు. "బోరు ఎండిపోయింది సార్," అంది.

ప్రిన్సిపాల్ గారు దగ్గారు.

"గ్రాఫు పెరుగుతోంది కదమ్మా," అన్నారు అధ్యక్షుల వారు.

"అది లోతు సార్. నీళ్లు ఎంత కిందికి పోతే గీత అంత పైకి పోతాది. పక్కన రాసినాను, కానీ తిరగబడింది. హాస్టల్లో రెండు రోజులుగా నీళ్లు లేవు సార్. నమ్మకుంటే కుళాయి తిప్పి చూడండి."

అధ్యక్షుల వారు కోప్పడలేదు. జాలిగా నవ్వారు. మెడ తిరగదు కనుక మొత్తం మనిషే సభ వైపు తిరిగారు.

"చూశారా, మన యువతలో లోపించింది ఇదే. శాస్త్రీయ దృక్పథం. ఎక్కడో ఒక కుళాయి చూసి ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. కుళాయి అనేది కేవలం ఒక్క నమూనా. డేటా అనేది సమగ్ర సత్యం. మనం డేటాను నమ్మాలా, కుళాయిని నమ్మాలా?"

చప్పట్లు మోగాయి. ముందు వరసలో కూర్చున్న వార్డెన్ మేడమ్ కూడా కొట్టింది. దస్తగిరి సార్ మాత్రం చేతులు జేబుల్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు. కాంట్రాక్టు మనిషి చేయగలిగిన తిరుగుబాటు అంతే.

మధ్యాహ్నం సంగటి, నాటుకోడి పులుసు, ఓలిగలు. సంగటి తిన్న చేతులతో సభ్యులు కుళాయిల దగ్గరికి వెళ్లారు. తిప్పితే ముసలివాడు ఎగపోసినట్టు గాలి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు సైగ చేయగా, పిల్లలు సీసానీళ్లు తలా ఒక గుక్కెడు చేతుల మీద పోశారు.

"ఇన్ని నీళ్లుండి కూడా ఇంత పొదుపా?" అన్నారు అధ్యక్షుల వారు వేళ్లు నాక్కుంటూ. సభ్యులు అది కూడా రాసుకున్నారు.

గ్రేడు పెరిగింది. కాలేజీలో టపాకాయలు పేల్చారు, ఆ నిప్పురవ్వ ఒకటి పడి పచ్చగడ్డి అంటుకుంది. ఆర్పడానికి నీళ్లు లేవు గనుక అది తన ఓపిక ఉన్నంతసేపు కాలి ఆరిపోయింది. వారం తిరక్కముందే బోర్డు మీద ఇంకో సర్క్యులర్.

"కొన్ని అభివృద్ధి కారణముల వలన బాలికల వసతిగృహము తాత్కాలికముగా మూసివేయబడును. విద్యార్థినులు సాయంత్రంలోగా గదులు ఖాళీ చేయవలెను. ఖాళీ గదుల సంఖ్యలో మన కళాశాల సాధించిన పెరుగుదలను జతపరచిన గ్రాఫునందు చూడవచ్చును."

గ్రాఫు జతపరిచారు. నిటారుగా ఉంది.

అశ్వర్థమ్మ ట్రంకుపెట్టె సర్దుకుంది. వైరు చుట్ట, బజరు బట్టల అడుగున పెట్టింది. ఫోనులో వాళ్ల నాయన, "వచ్చేయ్ మే. మన బస్సులో పోయి రా, చూద్దాం," అన్నాడు. ఆ బస్సు కాలేజీ దగ్గర దించేసరికి పొద్దుటి క్లాసులు అయిపోతాయి. హాజరు చాలదు. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆమె హాజరు వారం వారం దిగడాన్ని ఎవరికైనా గీసి చూపిద్దామన్నా, దిగే గ్రాఫులు స్వీకరించబడవు.

సాయంత్రం ఆడపిల్లలందరినీ కాలేజీ బస్సు ఎక్కించారు. పెట్టెలు, పరుపులు, ఖాళీ బక్కెట్లు. రంగప్ప గేటు తెరుస్తున్నాడు. గేటుకు అవతల సూర్యుడు గుట్ట మీదికి దిగి, ఆ వెలుగు ఫ్లెక్సీ గుండా లోపలికి పడుతోంది. ఇన్నాళ్లూ రోడ్డు మీది నుంచే చూసిన గ్రాఫు, లోపలి నుంచి, వెనక వైపు నుంచి కనబడింది.

రుక్సానా మోచేత్తో పొడిచింది. "అశ్వీ, చూడు మే. నీ గ్రాఫు దిగుతాంది."

అశ్వర్థమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. నిజమే. గీత ఎడమ పైకొసన మొదలై, వారం వారం, తను వైరు వదిలినంత దూరమూ, మెట్టు మెట్టుగా కిందికి దిగి కుడి అడుగున నేలకు తగులుతోంది. ల్యాబులో మొదటిసారి తను గీసినట్టే.

"బాగుండాది," అంది.

బస్సు కదిలి గేటు దాటి రోడ్డెక్కింది. ఆమె ఇంకోసారి వెనక్కి తిరిగి చూసింది. మళ్లీ పైకే పోతోంది.